మామిడి దోనెకు పట్టిన చెమట

పాత పడవలు బాగుచేసే పనికి ఈమధ్య గిరాకీ వచ్చింది. నేను చేరిన రోజుల్లో పాత పడవ అంటే వంటచెరకే. ఇప్పుడు హోటళ్ల వాళ్లు దాన్ని భోజనాల బల్ల చేయమంటున్నారు, ఉన్నవాళ్లు హాల్లోకి ఉయ్యాల చేయమంటున్నారు. ఒకాయన పెళ్లి వేదిక మీద దంపతుల్ని కూర్చోబెట్టడానికని నిక్షేపం లాంటి నావను సగానికి కోసి ఇమ్మన్నాడు. కోసి ఇచ్చాను. నా పాపాల చిట్టాలో అదొకటి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి "అనుభవాలు చెప్పండి" అని అడుగుతుంటారు. వాళ్లకు కావలసింది ఏ నూనె పూయాలి, ఏ జిగురు వాడాలి అన్న జాబితా. అది దుకాణం వాడు చెబుతాడు. నేను ప్రభుత్వం వారి పడవల కార్ఖానాలో కూలి వడ్రంగిగా చేరి ఫోర్మన్‌గా దిగిపోయాను. మధ్యలో ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో నాకే గుర్తు లేదు, మీకెందుకు? గుర్తున్నవి రెండు మూడు పడవలు, ఇద్దరు పైవాళ్లు, ఒక తప్పు. ఆ తప్పు కోసమే ఇది రాస్తున్నాను.

కాళ్లు ఎక్కడికి వెళితే అక్కడ

మాది రామతీర్థం దగ్గర పల్లె. మా ఇంట్లో బండిచక్రాలు, నాగళ్లు చేసేవాళ్లు. సముద్రాన్ని పద్దెనిమిదేళ్లు వచ్చాక చూశాను. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత నా అజ్ఞానం బయటపడేది ఇక్కడి నుంచే.

కార్ఖానాలో నాకు పని నేర్పినవాడు అప్పన్న మేస్త్రి. పొట్టి మనిషి, చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ముక్క, నోట్లో ఎప్పుడూ తిట్టు. బాగుచేయడానికి మొదటిసారి ఒక పాత పడవ వచ్చినప్పుడు నేను ఉత్సాహంగా ఉలి తీశాను. నా చేతి మీద ఒక్కటి వేశాడు.

"ఒరే, ఉలి కింద ఎట్టు. ముందల అందులోకి ఎల్లి కూకో."

"కూకుని ఏటి సెయ్యాలి?"

"ఏటీ సెయ్యకు. ఊరికే కూకో. నీ కాళ్లు ఎటు ఎల్తాయో సూడు."

నవ్వు వచ్చింది, కానీ కూర్చున్నాను. కాసేపటికి నా ఎడమ కాలు దానంతట అది పక్కకి జారి ఒక చిన్న గుంటలో ఆగింది. ఆ గుంట నా మడమకి సరిగ్గా పట్టింది. కుడి చెయ్యి అంచు మీద పడితే అక్కడ కొయ్య నున్నగా అరిగి ఉంది. ఎవరో మనిషి ఏళ్ల తరబడి అలాగే కూర్చున్నాడు. నేను ఆయన కూర్చున్నట్టు కూర్చున్నాను. ఎండ మండుతున్నా నా వీపు చల్లబడింది. దిగిపోదామనిపించింది.

అప్పన్న మేస్త్రి వంగి నా చెవిలో అన్నాడు. "ఆడికి ఒక కాలు కుంటి. అందుకే గుంట ఒకేపు ఉన్నాది. అటు మేకులు కొట్టకు, కొయ్య పల్సబడిపోనాది."

పడవ తెచ్చినవాళ్లు పక్కనే నిలబడి ఉన్నారు. వాళ్లకు వినబడకుండా చెప్పాడు. అప్పటినుంచి నేను ఏ పడవనీ కూర్చోకుండా ముట్టలేదు. మేస్త్రి ప్రతిసారీ చదివింది నా చెవిలోనే చెప్పేవాడు. ఆయన గొంతు రంపపు పొడికి పాడైపోయి అలా గుసగుసలాడుతున్నాడని అనుకున్నాను. అలా చెవిలో చెప్పడం కూడా పాఠమేనని నాకు తట్టలేదు.

వార్నిష్ దొర

రెండో పైవాడి పేరు చెప్పను. మంచి చదువు, మంచి బట్టలు, కొయ్య గురించి ఏమీ తెలియదు. పెద్దవాళ్లు చూడటానికి వస్తున్నారని ఒక పాత సముద్రపు పడవకి నాలుగు రోజుల్లో వార్నిష్ కొట్టించమన్నాడు. కొట్టకూడదని నాకు తెలుసు. ఉప్పునీళ్లలో తిరిగిన కొయ్య ఉప్పు తాగి ఉంటుంది. ఎండాకాలంలో అది పొడిగా, బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది. గాలిలో చెమ్మ పెరగ్గానే లోపలి ఉప్పు ఆ చెమ్మను పీల్చుకుని పైకి నీరు కారుస్తుంది. మూత పెట్టని ఉప్పుకుండ వానాకాలంలో ఏమవుతుందో మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి.

తెలిసీ నేను నోరు మెదపలేదు. దొర ముందు మాట్లాడితే ఎక్కడికి బదిలీ చేస్తాడో అన్న భయం. వానలు పడగానే వార్నిష్ బొబ్బలు తేలి, పడవ ఒళ్లంతా మశూచి పోసినట్టయింది. దొర తప్పు నా మీదికి తోశాడు. అందులో సగం న్యాయమే.

అలాంటి కొయ్యకి మందు ఒక్కటే, మంచినీళ్లలో వారాల తరబడి నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి ఉప్పు దించడం. దిగిందో లేదో తెలుసుకోవడానికి అప్పన్న మేస్త్రి నాలుక పెట్టి చూసేవాడు. నేనూ అదే చేశాను. మీరు మీటర్లు వాడుకోండి, కానీ ఒకసారి నాలుక కూడా పెట్టి చూడండి.

కోటబొమ్మాళి దోనె

ఉద్యోగం దిగిపోయాక వచ్చిన పని ఇది. కోటబొమ్మాళిలో కామేశ్వరరావు గారని వర్తకుడు. తాతల నాటి కిరాణా దుకాణం. దాన్ని కొత్తగా తీర్చిదిద్ది రాగులు, సామలు, కందులు, జీడిపప్పు విడిగా అమ్మాలని ఆయన ముచ్చట. ఆ దినుసులన్నీ ఒక పాత దోనెలో పళ్లేలు అమర్చి పెడితే జనం చూడటానికైనా వస్తారని ఎవరో చెప్పారు. నేను విజయనగరం నుంచి రైల్లో వెళ్లి ఆయన గోదాములో దిగాను.

దోనె అంటే ఒకే మాను తొలిచి చేసిన చిన్న పడవ. ఇది మామిడి మాను. ఇద్దరు పట్టేంత. బాడిసతో చెక్కిన గంట్లు లోపల ఇంకా కనబడుతున్నాయి. బయట జీడి నూనె పూత మీద పూత పడి నల్లగా మెరుస్తోంది. తూర్పున సముద్రపు ఒడ్డు పల్లెలో ఎర్రయ్య అనే జాలరి ఇంటి వెనక ఇరవై ఏళ్లకు పైగా బోర్లించి ఉండిపోయిందట. ఎర్రయ్య తండ్రి దానయ్య ఆ దోనెలోనే వేటకు వెళ్లి తిరిగి రాలేదు. దోనె ఒక్కటే ఉప్పుటేటిలోకి కొట్టుకొచ్చింది. అప్పటికి ఎర్రయ్య చంకలో పిల్లాడు. ఇప్పుడు వాడికి సొంత ఫైబర్ పడవ, దాని మీద పనిచేసే ఐదుగురు కళాసీలు ఉన్నారు. పాత దోనె చోటు ఖాళీ అయితే చాలని ఇచ్చేశాడు.

దోనెను తిన్నగా దుకాణంలోనే దింపారు. అదొక మిట్టమధ్యాహ్నం, సంత రోజు, దుకాణం నిండా జనం. నేను అలవాటు ప్రకారం ఎక్కి కూర్చున్నాను.

ముందు వెనక భాగంలో కూర్చున్నాను. అక్కడ తెడ్డు వేసిన మనిషి పొడగరి. నా మోకాళ్లు ఆయన మోకాళ్ల చోటికి చేరలేదు. తర్వాత ముందుకు వెళ్లి కూర్చున్నాను. అక్కడ వేరే మనిషి ఉంది. ఒళ్లు చిన్నది. మడమలు ఆనించిన చోటు నాకు మరీ దగ్గరగా ఉంది, కాళ్లు ముడుచుకోవాల్సి వచ్చింది. ఆ మడమల ముందు, దోనె అడుగున, సన్నటి గీతలు. జంట జంటలుగా, వందలు, ఒకదాని మీద ఒకటి. కళ్లజోడు సవరించుకుని చూశాను. కాలి రెండో వేలు ఉండే చోట, రెండు కాళ్లకీ, అవే గీతలు.

నా నోటి దురద

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. నా చుట్టూ ఇరవై మంది నిలబడి చూస్తున్నారు. పట్నం నుంచి వచ్చిన మేస్త్రి ఏం చెబుతాడోనని కామేశ్వరరావు గారు చేతులు కట్టుకుని ఉన్నారు. మనిషికి ఆ వయసులో మెప్పు చేదా?

"ఏటి మేస్త్రీ, ఏటి కనబడ్డాది?" అన్నారాయన.

"ఇందులో ఒకడు కాదండీ, ఇద్దరు వేటకెళ్లేవారు," అన్నాను గట్టిగా, అందరికీ వినబడేలా. "ఒకరోజూ రెండ్రోజులూ కాదు, ఏళ్లు. ముందు కూర్చున్నది ఆడమనిషి. ఈ గీతలు చూడండి, కాలి మట్టెలు గీరుకున్నవి."

జనం ఒక్కసారి వంగారు. 'అబ్బో' అన్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వెనక వరసలో ఎండుచేపల బుట్టలతో ముగ్గురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, అదే పల్లె వాళ్లు. వాళ్లు 'అబ్బో' అనలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని బుట్టలెత్తుకుని వెళ్లిపోయారు. అది నేను చూశాను, పట్టించుకోలేదు.

ఆ పల్లెల్లో ఆడది వేట పడవ ఎక్కదు. ఒడ్డున వల లాగుతుంది, చేప మోస్తుంది, అమ్ముతుంది, ఇల్లు నడుపుతుంది. పడవలో మాత్రం కాలు పెట్టదు. పెడితే గంగమ్మకి కోపం వస్తుందని, మగవాణ్ణి తీసుకుపోతుందని వాళ్ల నమ్మకం. కార్ఖానాలో ముప్పై ఏళ్లు పడవలు చేశాను, నాకా సంగతి తెలియక కాదు. మెట్ట ప్రాంతం వాణ్ణి కనక అది నాకు చెవితో విన్న సంగతి, ఒంట్లో ఉన్న భయం కాదు. వాళ్లకది ఒంట్లో ఉంటుంది.

రెండు రోజుల తర్వాత మబ్బు పట్టింది. వాన లేదు, గాలి లేదు, ఊపిరాడని ఉక్క. పొద్దున్నే కామేశ్వరరావు గారు గోదాముకి వచ్చారు.

"మేస్త్రీ, ఓసారి రండి. దోనె ఎవరైనా కడిగారేటి?"

ఎవరూ కడగలేదు. దోనె అంతా పొడిగా ఉంది, రెండు చోట్ల తప్ప. వెనక, రెండు తొడలు ఆనిన తడి. మధ్యలో పొడి చార. కొంచెం ముందుకి రెండు మడమలు. ముందు భాగంలోనూ అలాగే, కాస్త చిన్నగా. ఇద్దరు మనుషులు నీళ్లలోంచి ఇప్పుడే వచ్చి ఒకరి వెనక ఒకరు కూర్చున్నట్టుంది. చూస్తుండగా తడి ఇంకా నల్లబడింది.

ఉప్పు సంగతి ఆయనకు వివరించాను. తడిసిన బట్టలతో రోజూ కూర్చున్న చోట కొయ్య ఎక్కువ ఉప్పు తాగుతుంది, అక్కడే చెమట పోస్తుంది అన్నాను. ఆయన తలూపారు గానీ దగ్గరికి రాలేదు. దోనె మొన వీధి గుమ్మం వైపు ఉంది. లోపలికి వచ్చే ప్రతివాణ్ణీ ఆ ఇద్దరూ చూస్తున్నట్టుందని గుమస్తా పని మానేసి బయట నిలబడ్డాడు. అయితే తిప్పేద్దామని మొన గోడవైపు తిప్పాం. ఇప్పుడు ఇద్దరూ మనకి వీపు చూపిస్తున్నారు. అది ఇంకా బాగాలేదు. నిజం చెప్పాలంటే నాకూ బాగాలేదు. నాకు కారణం తెలుసు, అయినా ఆ గదిలో ఒంటరిగా ఉండి వాళ్ల వెనక నిలబడలేకపోయాను.

నూకాలమ్మ

ఆ మధ్యాహ్నమే ఆమె గోదాముకి వచ్చింది. దానయ్య భార్య, ఎర్రయ్య తల్లి. సన్నటి మనిషి, తెల్లటి జుట్టు, చేతిలో ఖాళీ బుట్ట. గుమ్మంలోనే నిలబడి, నా మొహం కాదు, నా చేతులు చూసింది.

"మట్టెల గీతలన్నది నువ్వేనా బావూ?"

ఔనన్నాను. మొగుడి గుర్తు చూడటానికి వచ్చిందనుకున్నాను. పాపం అనిపించి, "రామ్మా, దుకాణంలోకి వెళ్దాం, చూపిస్తాను" అన్నాను.

"నాకు సూపించేదేటి? ఆ మట్టెలు నాయి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"ఆడికి సూపు పోనాది. ఎదరొచ్చే అల కనబడదు. ఎవులికీ సెప్పుకోలేదు, సెప్తే ఎవుడు ఎంటబెట్టుకెల్తాడు? ఇంట్లో తిండి లేదు. నాను ముందల కూకుని అల ఎటొస్తందో సెప్పేదాన్ని. ఆడు తెడ్డేసేవోడు. మొగలి పొదల కాడ ఎక్కేదాన్ని, అక్కడే దిగిపోయేదాన్ని. ఆరేళ్లు. ఒక్క పురుగు సూళ్లేదు."

"మరి ఆ రోజు?"

"ఆ రోజూ ఉన్నాను. ఆడు పోనాడు, దోనె ఏట్లోకి కొట్టుకొస్తే నాను ఇంటికొచ్చీసినాను. సాయంత్రం ఊరంతా ఎతికినారు. అందర్తోపాటు నానూ ఏడిసినాను."

అంతకు మించి ఆ రోజు గురించి చెప్పలేదు. నేను అడగలేదు. ఆమె అడగడానికి వచ్చింది వేరే. వేసవి వేట నిషేధం అయిపోగానే ఎర్రయ్య పడవ వేటకు తోయాలి. తల్లి పడవెక్కి తండ్రిని సముద్రానికి ఇచ్చేసిందని తెలిస్తే కళాసీలు ఒక్కడూ వాడి పడవ ఎక్కరు. అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. కొడుకు నిజమా అని అడగడం లేదు, ఆమెతో మాట్లాడటమే మానేశాడు.

"నీకు దండం ఎడతాను. నాది తుడిసీ. ఆడిది ఉండనీ."

తుడిచేయవలసింది నా నోటిని. నేను చూసింది నిజమే, చదివింది సరిగ్గానే చదివాను. అయితే ఏం? ఆ కొయ్యలో ఉన్నది ఆవిడ సొత్తు. సంతలో అరిచి పంచిపెట్టడానికి నేనెవణ్ణి? అప్పన్న మేస్త్రి ఎందుకు చెవిలో చెప్పేవాడో ఆ వయసులో, ఆ గోదాములో తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

నా అబద్ధం

గీతలు గీకేయడం ఎంతసేపు? అరగంట. చిత్రిక పట్టి నున్నగా చేశాను. తర్వాత తగుదునమ్మా అని పల్లెకి బయల్దేరాను. ఒడ్డున ఎర్రయ్య కళాసీలు వలలు బాగుచేసుకుంటున్నారు. ఎర్రయ్య కొంచెం దూరంలో ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. కళాసీల్లో పెద్దవాడు పోలయ్య. వాళ్ల ముందు నిలబడి, నేను పొరబడ్డానని చెప్పాను.

"అవి మట్టెల గీతలు కావు. లంగరు గొలుసు రాపిడి. కళ్లు సరిగా ఆనక అలా అన్నాను."

పోలయ్య వల పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"దోనెకి గొలుసేటి మేస్త్రీ? రాయీ, కొబ్బరితాడూ గదా."

నాగలి చేసే ఇంట్లో పుట్టినవాడు సముద్రం వాడికి అబద్ధం చెబితే ఇంతే. నా మొహం చూసి ఎవరూ నవ్వలేదు, అదే భయమేసింది. ఎర్రయ్య తల ఎత్తలేదు. పోలయ్య మళ్లీ వల అందుకున్నాడు.

"నిషేధం అయిపోతాదనగా, పడవ తోసేముందు వచ్చి సూస్తాం. ఆడకూతురు కూకున్న గురుతుంటే కొయ్యే సెప్తాది. లేకపోతే లేదు."

వడ్ల తొట్టి

నాకు మిగిలిన దారి మంచినీళ్లు. రైలు గేటు అవతల మూతబడిన రైస్‌మిల్లులో ఉప్పుడు బియ్యానికి వడ్లు నానబెట్టే పాత సిమెంటు తొట్టి ఉంది. కామేశ్వరరావు గారు ఆ మిల్లు వాళ్లతో మాట్లాడి ఇప్పించారు. ఆయనకు నేను అసలు సంగతి చెప్పలేదు, ఆయన అడగలేదు. మంచి వర్తకుడు. ఏది అడగకూడదో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

ఉప్పు దించేటప్పుడు ఒక మనిషి గుర్తు ఉంచి ఒక మనిషి గుర్తు తీసేయడం కుదరదు. దోనె ఒక్కటే మాను, నీళ్లు అంతటా పోతాయి. ఆ సంగతి నూకాలమ్మకి చెప్పాను. నీది తీస్తే ఆయనదీ పోతుంది అన్నాను. ఆమె ఖాళీ బుట్ట అంచు లాగుతూ కూర్చుంది.

"గుంటడు బతకాలి గదా. తీసీ."

మూడు రోజులకోసారి నీళ్లు మార్చాను. రాళ్లు కట్టి దోనెను ముంచి ఉంచాను. మొదటి వారం నీళ్ల మీద టీ రంగు తెట్టు. తర్వాత నీళ్లు తేటపడ్డాయి. ఎండ తొట్టిలోకి నిలువునా పడే వేళ వంగి చూస్తే అడుగున దోనె, దానిలో రెండు నల్లటి మరకలు. నీళ్లు కదిలినప్పుడల్లా వెనక మరక తెడ్డు వేస్తున్నట్టు ఊగేది. ముందు మరక కదిలేది కాదు. వెలుతురు చేసే మాయ అది, నాకు తెలుసు. అయినా నీళ్లు మార్చే రోజు మిల్లు వాచ్‌మన్‌ని పక్కన నిలబెట్టుకునేవాణ్ణి.

ఐదో వారం దోనెను బయటికి తీయించి నాలుక పెట్టి చూశాను. వెనక ఉప్పు లేదు. ముందు కూడా లేదు. రెండు చోట్లా వట్టి కొయ్య రుచి. తడి గోనెలు కప్పి, నీడలో, పగుళ్లు రాకుండా మెల్లగా ఆరబెట్టాను. నా చేతుల మీదుగా ఇంత శుభ్రంగా ఉప్పు దిగిన కొయ్య ఇంకొకటి లేదు. దుకాణంలో పెట్టించి నూకాలమ్మకి కబురు పంపాను, భయం లేదని.

ఆ పూట

నిషేధం ముగిసే ముందు రోజు, పొద్దున పది గంటల వేళ కళాసీలు ఐదుగురూ వచ్చారు. ఎర్రయ్య వెనక వచ్చాడు. మబ్బు దట్టంగా ఉంది, తొలకరి ముందు వచ్చే ఉక్క. గోడలు కూడా చెమ్మగిల్లాయి. ఇంతకన్నా గట్టి పరీక్ష ఉండదు. నేను ధైర్యంగానే ఉన్నాను.

పోలయ్య దోనె చుట్టూ తిరిగాడు. వెనక భాగంలో అరచెయ్యి పెట్టి చూశాడు. పొడి. అడుగంతా తడిమాడు. పొడి. ముందుకి వచ్చి వంగాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి కళ్లారా చూశాను. కొయ్య మెల్లగా నల్లబడింది. ముందు రెండు మడమలు వచ్చాయి. తర్వాత తొడలు వచ్చాయి, మధ్య పొడి చార మిగిలింది. తర్వాత, చిత్రిక పట్టి నేనే నున్నగా చేసిన చోట, వేళ్ల ముందు, రెండు చిన్న తడి చుక్కలు.

నేను వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. సముద్రపు ఉప్పు.

మొన వైపు మాను ఉప్పును లోతుగా పీల్చుకుందనండి, అక్కడ ఆరడం తక్కువనండి, మీ ఇష్టం. నేనూ ఆ మాటలన్నీ నాకు నేను చెప్పుకున్నాను. వెనక ఆయన ఆమె కన్నా ఎక్కువ ఏళ్లు కూర్చున్నాడు. ఆయన ఉప్పు పోయి ఆమె ఉప్పు ఎలా మిగిలింది?

"అది ఉక్కకి పట్టిన చెమ్మ" అన్నాను.

అప్పుడు జనం పక్కకి తప్పుకున్నారు. నూకాలమ్మ ఎప్పుడు వచ్చిందో గుమ్మంలో ఉంది. తిన్నగా దోనె దగ్గరికి వచ్చి, వెనక చోటు మీద చెయ్యి పెట్టింది. అటూ ఇటూ రాసి చూసింది. తర్వాత ముందు తడిని చూసింది.

"ఆడు దిగిపోనాడు," అంది. "నన్నే దిగనీలేదు."

చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని, అంత మంది మగవాళ్ల ముందు, దోనె ఎక్కి ఆ తడిలో కూర్చుంది. మడమలు మడమల చోట పడ్డాయి. పోలయ్య రెండు అడుగులు వెనక్కి వేశాడు. ఆ సీజన్‌లో ఎర్రయ్యతో వేటకు వెళ్లింది ముగ్గురే, ఇద్దరు మానేశారు. పోలయ్య మానలేదు. అది తర్వాతి సంగతి.

ఆమె గోడవైపు చూస్తూ మాట్లాడింది, కొడుకుతోనే.

"ఏటి మొగ కాడ అల కొట్టీసిందిరా. మీ అయ్య నీట పడ్డాడు. నాను సెయ్యి సాపి లేసినాను. దోనె తిరగబడిపోతాదని కేకేసినాడు. 'దిగకే! కదలకుండా కూకో! గుంటడు ఇంటికాడున్నాడు!' అన్నాడు. కూకున్నాను. ఆడు నా ఏపే మొగమెట్టి ఎల్లిపోనాడు. నాను సూస్తా కూకున్నాను. దిగమని మళ్లీ ఎవులూ సెప్పలేదురా."

ఎర్రయ్య వయసొచ్చిన మగాడు, ఇంతెత్తు మనిషి. దోనె పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. తర్వాత ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"దిగే అమ్మా."

"దిగిపోనేటి?"

"దిగిపో. ఇంటికెల్దాం."

కొడుకు భుజం మీద చెయ్యి వేసి ఆమె లేచింది. మొదట ఒక కాలు బయట పెట్టింది, ఆగింది, తర్వాత రెండోది పెట్టింది. ఇద్దరూ గుమ్మం దాటి వెళ్లిపోయారు. ఆమె చీర వెనక తడిసి ఉంది. నేను వంగి ఆమె కూర్చున్న చోట చెయ్యి పెట్టి చూశాను. కొయ్య పొడిగా ఉంది.